బ్రేకు రాయిలెక్కుంది

నాకు కోపమెక్కువని చిక్కడపల్లిలో మా గల్లీ మొత్తానికి తెలుసు. నాకు కార్ల గురించి చాలా తెలుసన్న సంగతి మాత్రం ఎక్కడ తెలియకుండా పోతుందోనని, దాన్ని నేనే పనిగట్టుకుని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ తిరుగుడు ఎంతదాకా తెచ్చిందో ఇప్పుడు చెబుతాను.

నా పేరు ప్రహ్లాద్. అశోక్‌నగర్‌లో పుస్తకాల కొట్టుంది. గ్రూప్స్ రాసే పిల్లలకు మెటీరియల్ అమ్ముతాను. ఆదివారం మాత్రం పదకొండు దాటితే గానీ షట్టర్ లేపను. ఎందుకంటే ఆదివారం పొద్దున ఏడింటికల్లా మా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఐదారు కార్లు బోనెట్లు ఎత్తుకుని నిలబడతాయి. ఏ కారు ఎంత మైలేజీ ఇస్తోంది, ఎవరి టైర్లు ఎన్ని వేల కిలోమీటర్లకు అరిగాయి, టర్బో ఎక్కడ లేస్తోంది, ఎక్కడ దమ్ము పోతోంది, ఇవే మాటలు. చాయ్ మీద చాయ్. పెళ్లిరోజు మరిచిపోయి ఇంట్లో తిట్లు తినే మగాళ్లకు ఇంజనాయిల్ మార్చిన తేదీ మాత్రం నోటికొచ్చి ఉంటుంది.

మా బ్యాచ్‌లో ఒకే ఒక్క ఆడమనిషి విజయశ్రీ. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. భర్తకు ఉద్యోగం కరీంనగర్‌లో. తన జీతంతో తానే ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొనుక్కుని, తల్లినీ పదకొండేళ్ల కూతురినీ వేసుకుని సెలవు దొరికితే చాలు, ఊళ్లు తిరిగేది. బండి బాగా నడుపుతుంది. అంతకంటే నాకు నచ్చేదేమిటంటే, నేనేం చెప్పినా ఆమెకు వేదం. ఓసారి నారాయణగూడ నుంచి వచ్చే రమాకాంత్ సార్, ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందన్నాడు.

"వద్దు సార్, ఇంజన్ పట్టు వదిలితె బరువంత బ్రేకుల మీదనే పడ్తది. ప్రహ్లాదన్న చెప్పిండు" అని ఆయనకే పాఠం చెప్పింది విజయశ్రీ. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

దసరాకు వారం ముందు ఆమె బండి బ్రేకు కాస్త లోతుగా దిగుతోందని, ఎప్పుడూ చూపించే మెకానిక్ ముత్యాలు దగ్గరికి తీసుకెళ్లింది. కవాడిగూడలో అతనికి చిన్న షెడ్డుంది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ముత్యాలు చూసి, బ్రేకాయిల్ పాతదైపోయింది, తీసి కొత్తది పోయాలి, బండి ఒకరోజు ఉంచి వెళ్లమన్నాడు.

"రెండు గంటల పనికి ఒక రోజా? ఆడమనిషి వచ్చిందని ఆటలాడుతున్నవా? నీకేమెరుక బ్రేకాయిల్ గురించి?" అని షెడ్డులో పదిమంది ముందు గద్దించాను. ముత్యాలు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "సరే సార్, మీరే చేసుకోండ్రి" అన్నాడు. "చేసుకుంట, నేర్చుకుంటానంటె నువ్వు గూడ వచ్చి చూడు" అన్నాను. నోరు కాదు నాది.

ఇక్కడ నా సీసాల గురించి చెప్పాలి. బ్రేకాయిల్‌కు ఒక దుర్గుణముంది. మూత తీశామంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని డబ్బా విప్పిన రోజే దాన్ని గోధుమరంగు గాజు సీసాల్లోకి అంచుదాకా పోసి బిగించి పెడతాను. ఈ జాగ్రత్త మా బ్యాచ్‌లో ఇంకెవరికీ లేదని నా గర్వం. కారును పైకెత్తే జాకీలో పోసే ఆయిల్ కూడా అలాంటి సీసాలోనే ఉంటుంది. సీసాకో ప్లాస్టర్ ముక్క అంటించి, పెన్నుతో పేరు రాసుకుంటాను.

దసరా నాడు మా ఇంట్లో ఆయుధ పూజ అంటే నట్లు తిప్పే నా పానాలు, జాకీ, ఈ సీసాలే. అన్నిటినీ తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. తడికీ పసుపుకీ సిరా అంతా అలుక్కుపోయింది. నా భార్య స్వరూప హారతి పళ్లెం పట్టుకుని నిలబడి, "పేర్లు పోయినయి గదండి, ఏది ఏందో ఎట్ల తెలుస్తది?" అంది.

"ముప్పై ఏండ్లసంది చూస్తున్న. వాసన చూసి చెప్త" అన్నాను. మూతలు తీసి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది బ్రేకు, ఇది జాకీ అని కొత్త ముక్కలు రాసి అంటించాను. ఇల్లంతా అగరొత్తుల పొగ. ఆ పొగలో నా ముక్కుకు ఏం తెలిసిందో దేవుడికే తెలియాలి.

దసరా తర్వాతి శనివారం మధ్యాహ్నం విజయశ్రీ బండి తెచ్చింది. మర్నాడు పొద్దున్నే తల్లినీ కూతురినీ తీసుకుని శ్రీశైలం వెళ్తోంది. ఆమె పెడల్ తొక్కుతుంటే నేను కింద పడుకుని నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా తీసేసి, 'బ్రేకు' అని రాసిన సీసాలోది పోశాను. పెడల్ చక్కగా పైకి వచ్చింది. "అన్నా, కొత్త బండి తీరయింది" అని మురిసిపోయింది. అదే సాయంత్రం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కింద నాకు దండాలు పెట్టింది.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే బోనెట్లు లేచాయి. ఎనిమిదిన్నర ప్రాంతంలో రమాకాంత్ సార్ తన కారులోకి తొంగిచూస్తూ, "ప్రహ్లాద్, నా దాంట్ల బ్రేకాయిల్ జర దిగింది. నిన్నటిది మిగిలి ఉంటె ఇంత పొయ్యి" అన్నాడు.

సీసా తెచ్చి మూత తిప్పాను. కొంచెం వేళ్ల మీద ఒలికింది. అదేమంత పెద్ద విషయం కాదు. బ్రేకాయిల్ నీళ్లలో కరిగిపోతుంది, నల్లా కింద పెడితే చేయి శుభ్రమైపోతుంది. నల్లా తిప్పాను. వేళ్ల మీద నీళ్లు నిలవలేదు. చుక్కలు చుక్కలుగా జారిపోయాయి. వేళ్లు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి. మళ్లీ కడిగాను. మళ్లీ జిడ్డే.

ఇది బ్రేకాయిల్ కాకపోతే, నిన్న విజయశ్రీ బండిలో పోసిందీ ఇదే.

"అయిపోయింది సార్, మల్ల పోస్త" అని అబద్ధమాడి సీసా పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. ఆ సంగతి ఇప్పుడు మీకూ తెలుసు, అప్పుడు నాకూ తెలుసు. ఫోన్ తీసి విజయశ్రీకి చేశాను. వెంటనే ఎత్తింది.

"అన్నా! నూరేండ్లు నీకు. ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నం. హాజీపూర్ కాడ టిఫిన్ చేసినం. స్పీకర్ల పెట్టిన, అమ్మ, మాధురి ఇంటున్నరు."

"ప్రహ్లాద్ మామా, హాయ్!" అంది ఆ పిల్ల. వెనక నుంచి విజయశ్రీ తల్లి యశోదమ్మ, "ఏం బిడ్డా, మంచిగున్నవా? నువ్వు బండి చూసినవని నేను నిమ్మలంగ కూసున్న" అంది.

"బ్రేకు ఎట్లుంది విజయా?" అన్నాను. గొంతు మామూలుగా ఉండాలని చూశాను.

"మస్తుంది అన్నా! బ్రేకు రాయిలెక్కుంది. నిన్నటి కంటే ఇంక గట్టిగైంది. ఏం పోసినవో గని!"

రాయిలెక్క. బ్రేకుల్లో మామూలు ఆయిల్ పోస్తే ఏమవుతుందో ఆదివారాలు ఉపన్యాసాలిచ్చింది నేనే. లోపలి రబ్బర్లు ఉబ్బుతాయి. పెడల్ గట్టిపడుతుంది. కాలు తీసినా బ్రేకు వదలదు, చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. పట్టుకున్నకొద్దీ కాలుతుంది. కాలీ కాలీ ఏదో ఒక మలుపులో పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. ఆ తర్వాత బండికి బ్రేకు లేదు. వీళ్ల ముందున్నది నల్లమల అడవి, దాని చివర డ్యామ్ దాకా దిగే ఘాట్.

బండి ఆపు అనాలి. రెండు ముక్కలు. నా నాలుక మీదికి వచ్చాయి కూడా. స్పీకర్లో అందరూ వింటున్నారు. తల్లి నిమ్మళంగా కూర్చుంది. ఒకవేళ నేను పొరపాటు పడి ఉంటే? వేళ్లకు ముందే వేరే గ్రీజు ఉందేమో? రూఢి చేసుకుని ఐదు నిమిషాల్లో చెబితే పోలా? ముత్యాలుకు తెలిస్తే? ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. మనిషి బుర్ర భయంలో ఎంత త్వరగా పనిచేస్తుందో, అదీ ఎంత నీచంగా పనిచేస్తుందో ఆ రోజు చూశాను.

"ఏం లేదు, జర మెల్లగ పో" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్లి ఒక గాజు గ్లాసులో నీళ్లు పట్టాను. సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాను. బ్రేకాయిలైతే కలిసిపోవాలి. కలవలేదు. పైన బంగారు రంగు వృత్తాలుగా తేలాయి. చెంచాతో కలిపాను. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి, మళ్లీ దగ్గరికి చేరి, పైనే నిలబడ్డాయి. ఇంకో సీసా, 'జాకీ' అని నేనే నా చేత్తో రాసినది, తెచ్చి ఇంకో గ్లాసులో వేశాను. చుక్క నీళ్లలో కలిసి మాయమైపోయింది.

"ఏం చేస్తున్నరండి? ముఖం గట్లైంది ఏంది?" అంది స్వరూప వెనక నుంచి.

"చంపేసిన స్వరూపా. ముగ్గుర్ని చంపేసిన."

ఫోన్ చేశాను. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు. మళ్లీ చేశాను. అదే గొంతు, అదే మర్యాద. పదిసార్లు చేశాను. ఆ ఆడగొంతును పట్టుకుని నేలకేసి కొట్టాలనిపించింది. గడియారం తొమ్మిది చూపిస్తోంది. రూఢి చేసుకోవడానికి నేను తీసుకున్న ఐదు నిమిషాలు ఇరవై ఐదయ్యాయి.

చెప్పుల్లేకుండానే స్కూటర్ తీశాను. జాగాలో రమాకాంత్ సార్ ఏదో అడిగాడు, వినిపించుకోలేదు. ఎందుకో తెలియదు, నేరుగా ముత్యాలు దగ్గరికే వెళ్లాను. ఈ ఊళ్లో ఆ క్షణాన నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి అతనొక్కడే అని నా కాళ్లకు ముందే తెలిసినట్టుంది.

ముత్యాలు షెడ్డు ముందు కూర్చుని పేపర్ చూస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ముత్యాలూ, తప్పైంది. బ్రేకుల్ల జాకీ ఆయిల్ పోసిన. విజయశ్రీ బండిల. శ్రీశైలం పోతుంది."

పేపర్ కింద పడింది. "ఎప్పుడు పోసినవ్?" మర్యాద పోయింది, పోవాల్సిందే.

"నిన్న మధ్యాహ్నం."

"పెడల్ ఎట్లుందట?"

"రాయిలెక్కుందన్నది."

"అన్నదా? అంటే మాట్లాడినవా? మాట్లాడి ఆపమని చెప్పలేదా?"

నేను తల దించుకున్నాను. ముత్యాలు నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పోలీసుల వంద నంబరుకు ఫోన్ కలిపి, బండి నంబర్ నన్నడిగి చెప్పి, అడవి చెక్‌పోస్టు దగ్గర ఆపమన్నాడు. పది నిమిషాలకు వాళ్లే తిరిగి చేశారు. ఆ నంబర్ బండి ఎనిమిది యాభై ఐదుకు గేటు దాటి లోపలికి పోయింది. లోపల చాలా దూరం సిగ్నల్ ఉండదు. అవతలి వైపు వాళ్లకు చెబుతాం, ఎదురుగా వచ్చే బండ్లవాళ్లకూ చెబుతాం అన్నారు.

ఎనిమిది యాభై ఐదు. నేను చెంచాతో నీళ్లు కలుపుతున్న సమయం.

ఆ తర్వాతి గంటన్నర ఎలా గడిచిందో నన్నడగొద్దు. ఫోన్ రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి రెండు నిమిషాలకూ చేశాను. రోడ్డు మొత్తం కళ్ల ముందు నడుస్తోంది. ఎన్నిసార్లు వెళ్లాను ఆ దారిన, ప్రతి మలుపూ తెలుసు. ఇప్పుడు వట్వర్లపల్లి దాటి ఉంటుంది. ఇప్పుడు కోతులు కనబడితే ఆ పిల్ల కిటికీలోంచి చేయి ఊపుతూ ఉంటుంది. అక్కడో వంపు ఉంది, ఎదురుగా బస్సు వస్తుంది, విజయశ్రీ పెడల్ మీద కాలు వేస్తుంది... అక్కడికి వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకునేవాణ్ణి. మూసుకుంటే ఇంకా బాగా కనబడేది.

ముత్యాలు పని చేసుకుంటున్నాడు. ఆమె బండికి కావలసిన రబ్బర్లు, కొత్త బ్రేకాయిల్ డబ్బాలు, పానాలు తన పాత వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఒకసారి ఆగి, చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

"బతికుంటరా ముత్యాలూ?"

"ఆ అక్క మంచిగ నడుపుతది" అన్నాడు. అంతకుమించి ధైర్యం చెప్పలేదు. అబద్ధం చెప్పే అలవాటు అతనికి లేదు.

పదీ నలభైకి ఫోన్ మోగింది. విజయశ్రీ పేరు. వెంటనే ఎత్తాను.

"అన్నా, ఇన్ని మిస్‌డ్ కాల్సేంది? ఈడ సిగ్నల్ వచ్చిపోతుంది, ఇప్పుడే దొరికింది, దోమలపెంటల ఉన్నం. అందరం మంచిగనే ఉన్నం గని, నేనొక తప్పు చేసిన, తిట్టకు." నవ్వుతోంది, కాస్త సిగ్గుగా. "హ్యాండ్‌బ్రేక్ సగం లేపి ఉండంగనే నడిపినట్టున్న. బండి గుంజుకపోతలేదు, కాలిన వాసన. ఈడికొచ్చి ఆపి చూస్తె చక్రాల కాడ పొగలు. గ్రూపుల చెప్పకన్నా, పరువు పోతది."

"విజయా..."

"ఆగు, ఇంకోటి ఇను. ఈడ పంచర్ దుకాణమాయన మూత తీసి చూసి, అక్కా, ఇది బ్రేకాయిల్ కాదు, వేరేదేందో పోసిండ్రు, బండి తియ్యకు అన్నడు. నాకు కోపమొచ్చింది. మా ప్రహ్లాదన్న పోసిండు, నీకేమెరుక అని దులిపేసిన. అర్ధగంట ఆగినం, అంతా చల్లబడ్డది. ఇప్పుడు పెడల్ గూడ మెత్తగైంది, మంచిగ దిగుతుంది. బయల్దేరుతున్నం. ఘాట్ ఇగ దిగుడే గదా, మెల్లగ పోత."

ఇంజన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. తలుపు మూసిన చప్పుడు. మాధురి ఏదో పాట పాడుతోంది.

"బండి కదపకు!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. "విజయా, నీకు దండం పెడ్త, ఇంజన్ బంద్ చెయ్యి. అందరు కిందికి దిగుండ్రి. అది బ్రేకాయిల్ కాదు. జాకీ ఆయిల్. నేనే పోసిన. సీసా మారింది. ఆ పంచరాయన చెప్పింది నిజం. పెడల్ మెత్తగైందంటె బ్రేకు పోయినట్టే. దిగుండ్రి, దిగుండ్రి!"

ఇంజన్ ఆగింది. మాధురి పాట ఆగిపోయింది. "అమ్మా, దిగు. మాధురీ, దిగు బిడ్డా, అటుదిక్కు నిలబడు" అన్న మాటలు దూరంగా వినిపించాయి. తలుపులు తెరుచుకున్నాయి. బతికారు. ముగ్గురూ నేల మీద ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. ముత్యాలు ముందరే పిల్లాడిలా ఏడ్చాను.

ముత్యాలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అక్కా, నేను ముత్యాలు. బండి చక్రాలకు పెద్ద రాళ్లు పెట్టు. నేను వస్తున్న, ఐదు గంటల్ల ఉంట. ఆ పంచరాయన కాడనే కూసోండ్రి" అని చెప్పి మళ్లీ నాకిచ్చాడు.

అటువైపు కోతుల అరుపులు, ఏదో బస్సు పోయిన హోరు.

"అన్నా" అంది విజయశ్రీ చివరికి. చాలా మెల్లగా. "పొద్దున హాజీపూర్ల ఉన్నప్పుడు ఫోన్ చేసినవ్ గదా. అప్పుడు నీకు తెలుసా?"

అప్పటికింకా గ్లాసులో చూడలేదని చెప్పొచ్చు. అనుమానమే తప్ప రూఢిగా తెలియదని చెప్పొచ్చు. రెండూ నిజాలే. ముత్యాలు నా వైపు చూడకుండా వ్యాన్ తలుపు వేస్తున్నాడు.

"తెలుసు" అన్నాను.

ఫోన్ చేయి మారిన చప్పుడైంది. "ఏమన్నడే? ఎందుకు గట్లున్నవ్? ఇటియ్యి, నేను మాట్లాడ్త" అంటూ యశోదమ్మ గొంతు దగ్గరికొచ్చింది. ఆవిడకు మా మాటలు వినబడినట్టు లేదు. బండి దిగమని నేను అరిచిన అరుపొక్కటే విన్నట్టుంది.

"బిడ్డా ప్రహ్లాదూ" అందావిడ. గొంతు తడిగా ఉంది. "పొద్దటి సంది ఫోన్ మీద ఫోన్ చేస్తనే ఉన్నవట గదా. మా పానాలు నిలబెట్టినవయ్యా. మల్లన్న దేవుడే నీ నోట పలికిచ్చిండు. నీ పిల్లాజెల్లా సల్లగుండాలె."

వెనక నుంచి, "అమ్మా, ఫోన్ ఇటియ్యి. అమ్మా, ఇటియ్యే" అని విజయశ్రీ అంటోంది. ఆవిడ ఇవ్వడం లేదు. నన్ను ఇంకా దీవిస్తూనే ఉంది.